పట్టూ విడుపూ: ఒక్కరి కెనూను లోపల ఎలా అమర్చుకోవాలి?



కొత్త ఊరికి బదిలీ మీద వచ్చి, క్వార్టరు తలుపు మొదటిసారి తీసినప్పుడు ఏం కనిపిస్తుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాలుగు గోడలు, ఒక ఫ్యాను, ముందున్నవాళ్ళు గోడకు వదిలేసిన రెండు మేకులు. ఇల్లయితే ఉంది గానీ అది ఇంకా మనది కాదు. మంచం ఏ పక్కన వేయాలి, చదువుకునే బల్లకు వెలుతురు ఎటు నుంచి వస్తుంది, పోపుల డబ్బా ఏ అరలో పెడితే అమ్మకు అందుతుంది అని ఒక్కొక్కటీ కుదుర్చుకున్నాకే అది మన ఇల్లవుతుంది.

ఈసారి మేము చెప్పబోయేది నీళ్ళ మీద తేలే అలాంటి ఒక ఖాళీ ఇంటి సంగతి.

ఇంతకు ముందు మేము పనిచేసిన ఊరు హిమాలయాల్లో ఒక నది ఒడ్డున ఉండేది. అక్కడి సాహస క్రీడల క్లబ్బు షెడ్డులో రాఫ్టుల వెనక ఒక ఎర్ర పడవ బోర్లించి ఉండేది. విదేశం నుంచి వచ్చిన ఒకాయన తిరిగి వెళ్ళిపోతూ వదిలేశాడట. తిప్పి చూస్తే లోపల ఏమీ లేదు, పెద్ద నీళ్ళ తొట్టిలా బోసిగా ఉంది. కూర్చోవడానికి పీట లేదు, కాలు ఆనించడానికి చోటు లేదు. క్లబ్బు శిక్షకుడు ఒప్పుకోవడంతో మా బడి పిల్లలు అయిదుగురు, మేము, ఆయన కలిసి ఒక శీతాకాలమంతా ఆదివారాలు కూర్చుని దాన్ని అమర్చాం. అందులో రెండు తప్పులు చేశాం. ఒకటి నవ్వు తెప్పించేది, ఒకటి భయపెట్టింది. రెండూ దాచకుండా చెబుతాం.

కెనూ అంటే ఏమిటి?

చాలామంది కెనూకు, కయాక్‌కు తేడా తెలియక రెంటినీ ఒకటే అనుకుంటారు. కయాక్‌లో కాళ్ళు ముందుకు చాచి కూర్చుంటాం. చేతిలోని తెడ్డుకు రెండు కొసల్లోనూ రెక్కలుంటాయి. కెనూలో తెడ్డుకు ఒకే రెక్క. వడిగల నీళ్ళలోనైతే మోకాళ్ళ మీద కూర్చుని నడుపుతారు. ఆ కూర్చునే తీరులోనే మనం చెప్పుకోబోయే విషయమంతా ఉంది.

మాట పుట్టుక కూడా చూద్దాం, భాషా విభాగంలో ఉన్నాం కదా! కరీబియన్ దీవుల ఆదివాసుల నోట ఉన్న మాట స్పానిష్ వాళ్ళ నోట 'కనోవా' అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చి కెనూ అయింది. మనకూ అలాంటి పడవ ఉంది. సంస్కృతంలోని 'ద్రోణి' తెలుగులో 'దోనె' అయింది. తాటి మాను తొలిచి చేసే దోనెలు కొల్లేటి సరస్సులో తిరిగేవి. కృష్ణ, తుంగభద్రల మీద బుట్టలాంటి గుండ్రటి పుట్టి ఉంది. కానీ కొల్లేటి నీరు నిలకడైన నీరు. దోనెలో మనిషి కదలకుండా ఉండేందుకు ప్రత్యేకంగా ఏదీ అమర్చాల్సిన పని లేదు.

ఇప్పుడు మనం మాట్లాడుకునే కెనూ పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు బర్చ్ చెట్టు బెరడుతో తేలికైన పడవలు చేసి, నదుల మీద వందల మైళ్ళు ప్రయాణించేవారు. తర్వాతి కాలంలో కెనడా, అమెరికా దేశాల్లో ఇదే పడవను పొట్టిగా, ఒక్కరికే సరిపోయేలా చేసి, బండరాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దూకే నీళ్ళలోకి దింపారు. అలాంటి నీటిని ఇంగ్లీషులో వైట్ వాటర్ అంటారు. మనం వడినీళ్ళు అందాం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వడినీళ్ళ పోటీ మొదటిసారి వచ్చింది. మగవాళ్ళ ఒక్కరి కెనూ అప్పుడే ఉంది. ఆడవాళ్ళ ఒక్కరి కెనూకు మాత్రం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా చోటు దొరకలేదు. ఆ తొలి స్వర్ణాన్ని ఆస్ట్రేలియాకు చెందిన జెస్సికా ఫాక్స్ గెలిచింది. ఒలింపిక్ కెనూకు పైన కప్పు ఉంటుంది. మా ఎర్ర పడవ పైన తెరిచి ఉండే రకం. రెంటిలోనూ కూర్చునేది మోకాళ్ళ మీదే.

లోపలి అమరిక ఎందుకు?

గుర్రపు స్వారీ చూసే ఉంటారు. జీను లేకుండా ఎక్కినవాడు గుర్రం నడుస్తున్నంతసేపూ ఉంటాడు, అది దూకగానే కింద పడతాడు. కెనూ కూడా అంతే. నిలకడ నీటిలో పీట మీద కూర్చున్నా సరిపోతుంది. వడినీళ్ళలో అల వచ్చి పక్క నుంచి తంతుంది. ఆ క్షణంలో పడవను ఒక పక్కకు వంచాలి, లేదా వంగిపోతున్నదాన్ని నడుముతో వెనక్కి లాగాలి. మన ఒళ్ళు పడవకు అతుక్కుని ఉంటేనే అది సాధ్యం. మనిషి ఒకవైపు, పడవ ఒకవైపు జారితే తెడ్డు ఎంత వేసినా పడవ మాట వినదు.

అయితే ఎంత అతుక్కోవాలి? పడవ తిరగబడితే నీళ్ళలో తలకిందులుగా ఉంటాం. అప్పుడు అదే పట్టు మనల్ని వెంటనే వదిలిపెట్టాలి. అందుకే ఒక్కరి కెనూ అమరికలో ఏ వస్తువు ఎంచుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నన్ను పట్టుకుంటుందా? ఇది నన్ను విడిచిపెడుతుందా? రెంటికీ అవును అని జవాబు వస్తేనే ఆ వస్తువు పనికొస్తుంది. పెద్దవాళ్ళు 'పట్టూ విడుపూ తెలియాలి' అంటూంటారు. ఆ మాట ఈ పడవకు అచ్చంగా సరిపోతుంది.

మొదట జీను

కూర్చునే చోటు మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది బల్ల. పడవ ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా వేలాడే పీట. పాత పడవల్లో, నిలకడ నీళ్ళలో ఇదే వాడతారు. మోకాళ్ళ మీద కూర్చుంటే పాదాలు ఈ బల్ల కిందకు పోతాయి. పెద్ద బూట్లు వేసుకుంటే బల్ల కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. అంటే విడుపు తక్కువ. పక్కలకు జారకుండా ఆపేదీ ఉండదు. అంటే పట్టూ తక్కువే. వడినీళ్ళకు ఇది సరిపడదు.

రెండోది ఫోమ్ జీను. పడవ అడుగు నుంచి దిమ్మలా లేచి ఉంటుంది. గుర్రం మీద కూర్చున్నట్టు రెండు కాళ్ళూ చెరో పక్క వేసి, మోకాళ్ళు ముందుకు వంచి కూర్చుంటాం. కాళ్ళ మీద అడ్డంగా ఏదీ ఉండదు. తేలిక, ఖర్చు తక్కువ, మన ఒంటికి తగ్గట్టు చెక్కుకోవచ్చు.

మూడోది ప్లాస్టిక్ జీను. ముందు భాగం తొడలకు కూడా దన్నుగా ఉండేలా అచ్చు పోసి వస్తుంది. బోల్టులతో బిగిస్తారు. ఎత్తు, దూరం మార్చుకోవచ్చు. పదిమంది వాడే పడవకు ఇది మంచిది. బరువు, ధర ఎక్కువ.

మేము ఫోమ్ ఎంచుకున్నాం, డబ్బు లేక. నవ్వు తెప్పించే తప్పు ఇక్కడే జరిగింది. ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి ఇంట్లో పాత సోఫా ఉందన్నాడు. దాని స్పాంజి తెచ్చి, కోసి, అతికించి, పైన గుడ్డ కుట్టాం. చూడముచ్చటగా వచ్చింది. నీళ్ళలో దించిన పావుగంటకే అది నీరు తాగి ఉబ్బి, ఎక్కినవాడి కింద 'పచక్' మని అణిగిపోయింది. పడవను నలుగురం మోయలేక మోసుకొచ్చాం.

స్పాంజిలో గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, నీరు దూరుతుంది. పడవకు కావలసింది మూసుకున్న గదులున్న ఫోమ్. కెనడా, అమెరికాల్లో దీనికోసం మినీసెల్ అనే ఫోమ్ వాడతారు. మన దగ్గర చెప్పుల అడుగులకు, వ్యాయామం చాపలకు వాడే గట్టి ఇ.వి.ఎ. ఫోమ్ అదే జాతి. షీట్లు పొరలు పొరలుగా అతికించి దిమ్మ చేసుకోవచ్చు. కొనే ముందు ఒక ముక్కను రాత్రంతా బకెట్లో నీళ్ళలో ముంచి పెట్టి, పొద్దున తూచి చూడండి. బరువు పెరిగితే అది మనకు పనికిరాదు.

జీను ఎత్తు సాధారణంగా 7 నుంచి 10 అంగుళాల మధ్య ఉంటుంది. ఎత్తు తగ్గేకొద్దీ శరీర గరిమనాభి కిందకు దిగుతుంది, పడవ నిలకడగా ఉంటుంది. కానీ మోకాళ్ళు బాగా మడత పడి, అరగంటకే తిమ్మిరెక్కుతాయి. ఎత్తు పెరిగితే మోకాళ్ళకు హాయి, తెడ్డు వేయడానికి అందం, పడవ మాత్రం తొందరగా ఊగుతుంది. కొత్తవాళ్ళు కొంచెం తక్కువ ఎత్తుతో మొదలుపెట్టి, అలవాటయ్యాక పొర వేసుకోవడం మేలు. తిమ్మిరిని చిన్న విషయం అనుకోకండి. కాళ్ళు మొద్దుబారినవాడు పడవ తిరగబడ్డప్పుడు చప్పున బయటికి రాలేడు.

జీనును ఎక్కడ పెట్టాలి? సరిగ్గా మధ్యలో పెడితే సరి అనుకుంటాం. కానీ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు మన తొడలు, మోకాళ్ళు ముందుకుంటాయి కనుక బరువూ ముందుకు పడుతుంది. అందుకే జీను మధ్య కంటే కొంచెం వెనక ఉండాలి. ఎంత వెనక అన్నది మనిషిని బట్టి మారుతుంది. మేము ఇలా చేశాం. జీనును అతికించకుండా ఊరికే పెట్టి, ఒకరు ఎక్కి కూర్చుని, నిలకడ నీళ్ళలో పడవ లోపల రెండు చెంబుల నీళ్ళు పోశాం. నీరు ముందు కొసకు పారితే ముందు బరువు ఎక్కువని అర్థం. జీనును వెనక్కి జరిపాం. నీరు కాళ్ళ దగ్గరే నిలిచేదాకా, లేదా ఇంచుక వెనక్కి పారేదాకా జరిపి, అక్కడ పెన్సిలుతో గీత గీశాం. ముందు కొస బరువెక్కితే పడవ ప్రతి అలలోకీ ముక్కు దూర్చి నీళ్ళు తాగుతుంది.

గీత గీశాకే జిగురు. చెప్పులు బాగుచేసేవాళ్ళు వాడే లాంటి రబ్బరు జిగురును ఫోముకు, పడవ అడుగుకు రెంటికీ పూయాలి. వేలికి అంటీ అంటనట్టు ఆరాక నొక్కాలి. ఒకసారి తాకితే పట్టేస్తుంది, జరపడానికి వీలుండదు. దాని ఆవిరి తలకెక్కుతుంది కనుక ఆరుబయట, పెద్దవాళ్ళ ఎదుట మాత్రమే చేయాలి. ఇంకో మాట. పాలిథిలిన్ పడవకు జిగురు సరిగా అంటదు, దానికి బోల్టులే గతి. మా పడవ రాయలెక్స్ అనే పొరల ప్లాస్టిక్‌ది, జిగురు చక్కగా పట్టింది. రాయలెక్స్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ తర్వాత కెనడాలోని ఎస్కిఫ్ సంస్థ టి-ఫార్మెక్స్ అనే అలాంటి పదార్థాన్ని తెచ్చింది. పడవ దేనితో చేశారో తెలుసుకోకుండా జిగురు డబ్బా తెరవకూడదు.

మోకాళ్ళు, తుంటి, పాదాలు

జీను మీద కూర్చున్నాక మోకాళ్ళు ఎక్కడ ఆనతాయి? వీలైనంత ఎడంగా, పడవ అడుగు పక్కగోడగా వంపు తిరిగే చోట. రెండు మోకాళ్ళు, ఒక పిరుదుల చోటు, ఈ మూడూ ముక్కాలి పీట కాళ్ళలాంటివి. కాళ్ళు ఎడంగా ఉన్న పీట పడదు. మోకాళ్ళు ఎడంగా ఉంటే ఒక మోకాలిని నొక్కి, ఇంకోదాన్ని ఎత్తి పడవను ఇట్టే వంచవచ్చు.

మోకాళ్ళ కింద అర అంగుళం నుంచి అంగుళం మందాన ఫోమ్ మెత్తలు వేసి, మోకాలి చిప్ప కూర్చునేలా చిన్న గుంట చెక్కాలి. గుంట జారకుండా ఆపుతుంది, మెత్త రాళ్ళ దెబ్బను కొంత మింగుతుంది. మా పడవకు ఈ గుంటలు చెక్కింది పదో తరగతి అమ్మాయి. తన మోకాళ్ళకు సుద్దపొడి పూసుకుని, ఫోము మీద కూర్చుని లేచింది. ముద్ర పడిన చోటల్లా గరుకు కాగితంతో అరగదీసింది. ఒక్కసారే లోతుగా కోయలేదు. కొంచెం అరగదీయడం, కూర్చుని చూడడం, మళ్ళీ అరగదీయడం. చెక్కేటప్పుడు నిదానమే ప్రధానం. తీసిన ఫోమును తిరిగి పెట్టలేం.

జీను రెండు పక్కలా తుంటికి ఆనేలా చిన్న మెత్తలు పెడితే ఒళ్ళు పక్కలకు జారదు. అవి తాకాలి గానీ నొక్కకూడదు. చలికాలంలో మందపాటి బట్టలు వేసుకుంటాం కనుక ఆ బట్టలతోనే కొలత చూసుకోవాలి.

ఇక పాదాల ఆనిక. వెనక్కి మడిచిన పాదాల వేళ్ళ మొదళ్ళు తన్నిపట్టుకోవడానికి ఫోమ్ దిమ్మలు గానీ, జరుపుకునే ప్లాస్టిక్ మెట్లు గానీ వాడతారు. పాదం దాన్ని నెడితే మోకాలు ముందుకు, కిందకు బిగుసుకుంటుంది. అప్పుడే పట్టు పూర్తవుతుంది. ఇక్కడ విడుపు మాట మరిచిపోకూడదు. దిమ్మ వెనక పాదం దూరి చిక్కుకునే సందు ఉండకూడదు. వేలాడే లేసులున్న బూట్లు, పట్టీలు వదులైన చెప్పులు వేసుకోకూడదు. పాదానికి అంటిపెట్టుకుని ఉండే పల్చటి నీటి బూట్లు మంచివి. కొలత కూడా ఆ బూట్లు వేసుకునే తీసుకోవాలి.

తొడ పట్టీలు: అసలు పరీక్ష

తొడల మీదుగా వెళ్ళే నైలాన్ పట్టీలు పడవకు మనల్ని కలుపుతాయి. ఒక కొస జీను దగ్గర లోపలివైపు, ఇంకో కొస పడవ పక్కగోడకు అతికించిన డి ఆకారపు రింగుకు. కొన్నిటికి ఒక్కో తొడ మీద ఒకే పట్టీ ఉంటుంది. మరికొన్నిటికి పట్టీ రెండుగా చీలి ఎక్కువచోట్ల బిగుస్తుంది, పట్టు పెరుగుతుంది. కొత్తవాళ్ళకు ఒంటి పట్టీ చాలు. వెడల్పు కనీసం రెండు అంగుళాలు ఉంటే తొడ కోసుకుపోదు.

పట్టీ తొడ మధ్యలో ఉండాలి. మోకాలికి మరీ దగ్గరైతే అల తగలగానే ఊడిపోతుంది. తుంటి మడతకు దగ్గరైతే కారు సీటు బెల్టులా కట్టిపడేస్తుంది. సరైన చోట ఉంటే, ఒళ్ళు వెనక్కి నెట్టి కాళ్ళు నిటారు చేయగానే పట్టీ మోకాలి మీదుగా జారిపోవాలి. బకిల్ తెరవడం అన్నది రెండో ఉపాయం మాత్రమే. ఆ బకిల్ కూడా తడి చేతికి, చలికి కొంకర్లు పోయిన వేళ్ళకు, కళ్ళు మూసుకున్నా అందే చోట ఉండాలి.

ఇక్కడే మా రెండో తప్పు.

మేము కొన్న బకిళ్ళు తడిస్తే పట్టీ కొంచెం కొంచెంగా జారేది. జారకుండా ఉండాలని పట్టీ చివర ముడి వేశాం. చాలా తెలివైన పని చేశామని మురిసిపోయాం కూడా. మరుసటి ఆదివారం నది పక్కన నడుము లోతు మడుగులో తిరగబడే పరీక్ష పెట్టాం. తొమ్మిదో తరగతి అబ్బాయి హెల్మెట్, లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కాడు. శిక్షకుడు పడవ పక్కనే నీళ్ళలో నిలబడ్డాడు. అబ్బాయి కావాలనే పడవను తిప్పేశాడు. మేము ఒడ్డున లెక్క మొదలుపెట్టాం. ఒకటి, రెండు, మూడు. తల కనబడలేదు. పట్టీలు మరీ బిగుతుగా ఉండి మోకాళ్ళు జారలేదు. బకిల్ ఎత్తితే పట్టీ వదులైంది గానీ ఆ ముడి వచ్చి బకిల్‌కు అడ్డం పడింది. నాలుగు అనేలోపే శిక్షకుడు పడవ అంచు పట్టుకుని తిప్పి లేపేశాడు. పిల్లవాడు దగ్గుతూ పైకొచ్చి మొదట అన్న మాట, "నేను లోపల అయిదు దాకా లెక్కపెట్టాను సర్."

వాడికేమీ కాలేదు. మా చేతులే చాలాసేపు వణికాయి. పట్టు గురించి అంత ఆలోచించి, విడుపు సంగతి మరిచిపోయాం. నీళ్ళలో ఆలస్యం అమృతం విషం అన్నది సామెత కాదు, నిజం. ఆ రోజే ముడులు కోసేశాం. జారని మంచి బకిళ్ళు తెప్పించాం. పట్టీ బిగింపుకు ఒక కొలత పెట్టుకున్నాం. కూర్చుని పాదాలతో తన్నిపెడితే పట్టీ బిగుసుకోవాలి, పాదాలు సడలిస్తే అరచేయి దాని కింద దూరాలి. అంటే పట్టు మన కాళ్ళ బలంతో రావాలి గానీ పట్టీ బిగుతుతో రాకూడదు. కాళ్ళు వదిలేస్తే పడవా మనల్ని వదిలేయాలి.

ఆ తర్వాత ప్రతి పిల్లవాడూ, ప్రతి అమ్మాయీ అదే మడుగులో అయిదుసార్లు తిరగబడి, మూడు లెక్కపెట్టేలోపు బయటికి వచ్చాకే నదిలోకి అని నియమం పెట్టాం. మేమూ తిరగబడ్డాం. మొదటిసారి ముక్కు నిండా నీళ్ళు!

గాలి సంచులు: నీటికి చోటివ్వకుండా

తెరిచి ఉన్న కెనూకు పెద్ద శత్రువు లోపలికి వచ్చే నీరు. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. లెక్క కోసం పడవ లోపల 400 లీటర్ల చోటుందనుకుందాం. నిండితే 400 కిలోలు. అంత బరువున్న పడవ నీటి వడికి కొట్టుకొచ్చి మనకూ బండరాయికీ మధ్య చేరితే ఏమవుతుందో ఊహించండి. అందుకే పడవ తిరగబడినప్పుడు మనిషి ఎప్పుడూ దానికి ఎగువనే ఉండాలి, దిగువకు వెళ్ళకూడదు.

ముందు కొసలో, వెనక కొసలో గాలి సంచులు నింపితే నీటికి చోటే ఉండదు. సంచులు 250 లీటర్ల చోటు ఆక్రమిస్తే లోపలికి రాగలిగేది 150 లీటర్లే. పడవ నీళ్ళతో కూడా తేలుతుంది, తొందరగా ఒడ్డుకు లాగవచ్చు. సైన్సు పాఠంలో ఆర్కిమెడిస్ సూత్రం చదివినప్పుడు ఈ సంచుల్ని గుర్తు చేసుకోండి.

సంచి ఊరికే పెడితే పడవ తిరగబడగానే తేలి బయటికి వచ్చేస్తుంది. పడవ రెండు అంచుల వెంట చిన్న రంధ్రాలు చేసి, సన్నని నైలాన్ తాడును నులక మంచం అల్లినట్టు అడ్డంగా అల్లాలి. మధ్యలో నిలువుగా ఒక పట్టీ వేయాలి. అల్లిక వదులైతే సంచి జారుతుంది, పైగా వదులు తాడులో చేయో కాలో చిక్కుకుంటుంది. కాబట్టి బిగువుగా అల్లి, మిగిలిన కొసలు కోసేయాలి. మాకు ఒక సంచి పడవతోనే దొరికింది, రెండోదాన్ని ఊళ్ళో రాఫ్టులు బాగుచేసే అతను మిగిలిపోయిన గుడ్డతో అతికి ఇచ్చాడు.

ఇంకో జాగ్రత్త. చల్లటి నదిలోంచి తీసి ఎండలో పడవ పెడితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, సంచి అతుకులు విడిపోవచ్చు. ఒడ్డున పెట్టినప్పుడు కొంచెం గాలి వదలాలి. మళ్ళీ నీళ్ళలో దించాక గాలి చల్లబడి సంచి వదులవుతుంది, అప్పుడు మళ్ళీ ఊదాలి.

నీళ్ళు తోడడానికి ఒక ప్లాస్టిక్ డబ్బాను ఏటవాలుగా కోసి, పొట్టి తాడుతో కట్టుకుంటే చాలు. కొందరు బ్యాటరీతో నడిచే చిన్న పంపు పెట్టుకుంటారు. పడవ రెండు కొసలకూ లాగడానికి తాళ్ళుండాలి. అవి చుట్టలు చుట్టి రబ్బరు తాడు కింద అణిచి ఉండాలి, లోపల వేలాడకూడదు.

ఎంచుకునే ముందు

ఏది కొనాలి, ఏది చేసుకోవాలి అని అడిగే ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

నది ఎలాంటిది? వడినీళ్ళను ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు. ఒకటి, రెండు తరగతుల నీటికి జీను, మెత్తలు, వదులైన ఒంటి పట్టీ చాలు. పై తరగతులకు వెళ్ళేకొద్దీ పట్టు పెరగాలి, దానితోపాటు విడుపు సాధనా పెరగాలి.

పడవ ఒకరిదా, పదిమందిదా? ఒకరిదైతే ఒంటికి సరిగ్గా చెక్కుకోవచ్చు. పదిమందిదైతే అందరిలో పెద్ద ఒళ్ళున్నవారికి సరిపడా చేసి, చిన్నవాళ్ళకు వెల్క్రోతో అంటించి తీసే పలుచటి మెత్తలు పెట్టుకోవాలి.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నొప్పి ఉన్నవారికి జీను ఎత్తుగా ఉండాలి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. పక్కన ఎవరున్నారు? ఒక్కరి కెనూ అంటే ఒక్కరే నదికి వెళ్ళడం కాదు. నేర్పేవారు, తోటివారు, హెల్మెట్, లైఫ్ జాకెట్ లేకుండా ఏ అమరికా మనల్ని కాపాడదు.

మళ్ళీ బదిలీ

పడవ పూర్తయ్యేసరికి వేసవి వచ్చింది. మోకాళ్ళ గుంటలు చెక్కిన పదో తరగతి అమ్మాయి పరీక్షలు ముగిసిన వారానికే వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వులొచ్చాయి. మడుగులో రెండుసార్లు తిప్పిందే గానీ, నదిలో ఒక్కసారి కూడా ఆ పడవ నడపకుండానే వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు షెడ్డుకు వచ్చి, గరుకు కాగితం ముక్క ఒకటి జీను కింద దోపి, "తర్వాత వచ్చేవాళ్ళకు అవసరం పడుతుంది" అంది.

పడింది. జూలైలో కొత్తగా చేరిన ఒక పిల్ల ఆ గుంటల్లో మోకాళ్ళు పెట్టి చూసి, ఇరుకుగా ఉందని చెప్పి, ఆ కాగితం ముక్కతోనే అంచులు కొంచెం అరగదీసుకుంది. తర్వాత ఏడాదికి మాకూ ఉత్తర్వులొచ్చాయి.

ఇప్పుడు మీరు ఏ ఊళ్ళో ఈ వ్యాసం చదువుతున్నారో మాకు తెలియదు. అక్కడ మీ బల్ల, మీ కిటికీ, మీ స్నేహితులు కుదిరే ఉంటారు. గట్టిగానే పట్టుకోండి. ఉన్నన్నాళ్ళూ ఆ ఊరు మీదే. వెళ్ళాల్సిన రోజు వస్తే మడుగులో నేర్చుకున్నట్టు కాళ్ళు సడలించి బయటికి రండి. వచ్చే ముందు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం జీను కింద ఒక గరుకు కాగితం ముక్క వదిలిపెట్టండి.